నాలిక కింద లవంగం

నోరు మూసుకోవడం చేతకాక బడి మానేసినవాణ్ణి నేను. ఎనిమిదో తరగతిలో ఉండగా మా లెక్కల మేష్టారు మా నాన్నని పిలిపించి, "ఈ బళ్లో వీడైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్నారు. పాపం ఆయనకి పెళ్లాం పిల్లలు ఉన్నారు కదా అని నేనే బైటికొచ్చేశాను. అలాంటివాడికి చివరికి దొరికిన ఉద్యోగం ఏమిటంటే, రోజూ పొద్దున్నే టార్చి లైటు పట్టుకుని ఎదటివాళ్లని "నోరు తెరు, నాలిక ఎత్తు" అనడం. ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపించడానికి నాకు సర్కారు జీతం ఇచ్చింది, నా ఒక్క నోరు మూయించడానికి తనకి ఎవరూ ఏమీ ఇవ్వలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

బెంగాల్లో, ఖరగ్‌పూర్‌లో మా ఆస్పత్రి వెనక, ఎక్స్‌రే గది దాటాక, ఒక పొడుగాటి గది ఉంది. మత్తు మాన్పించే గది. అందులో నేను అటెండర్ని. ఇప్పుడు రిటైరయ్యాను. ఆ గదిలో కొత్తగా చేరినవాళ్లు ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే తెలుగువాళ్ల రైల్వే పేటలో మా ఇంటికొచ్చి, "అక్కడ పనేమిటి సింహాద్రిగారూ?" అని అడుగుతున్నారు. ఆర్డరులో రాసిన పని వాళ్లకి ఎలాగూ ఆఫీసులో చెప్తారు. ఆర్డరులో రాయనిది నేను చెప్తాను.

అసలు పని

మన స్టేషను చుట్టుపక్కల పాతా అంటే బ్రౌన్ షుగర్. రేకు కాగితం మీద పోసి, కింద అగ్గిపుల్ల వెలిగించి పొగ పీలుస్తారు. పీల్చేవాణ్ణి పాతాఖోర్ అంటారు. మొదట్లో వాడు హాయి కోసం పీలుస్తాడు. కొన్నాళ్లకి హాయీ ఉండదు గియ్యీ ఉండదు, పీల్చకపోతే వచ్చే బాధకి భయపడి పీలుస్తాడు. ఆవలింతలు, ముక్కు కారడం, కడుపులో తిప్పడం, ఎవరో లోపల్నించి లాగుతున్నట్టు కాళ్లు పీకడం. ఆ బాధలో ఉన్నవాడు రైలు పెట్టెలోని కుళాయి విప్పుకుపోతాడు, సొంత ఇంటి గ్యాసు సిలిండరు కూడా అమ్ముతాడు.

మా గదికి కొందరు తమంతట తామే వస్తారు, కొందరిని ఇంట్లోవాళ్లు లాక్కొస్తారు, కొందరిని కోర్టు పంపుతుంది. నేను రాసేది ఈ కోర్టువాళ్ల సంగతి. పొట్లంతో దొరికినవాడు అమ్మేవాడైతే వాడి దారి వేరు. తను పీల్చుకోడానికి కాస్త దగ్గర పెట్టుకున్నవాడైతే, తప్పు రుజువైనా, మేజిస్ట్రేట్ శిక్ష ఆపి, "వైద్యం చేయించుకుంటావా?" అని అడగొచ్చు. వాడు ఊఁ అంటే బాండు రాయించుకుని, జామీనుకి ఒక మనిషిని నిలబెట్టించి, మా దగ్గరికి పంపుతారు. గడువు నాటికి డాక్టరు రిపోర్టు కోర్టుకి చేరాలి. రిపోర్టు బాగుంటే ఇంటికి, లేకపోతే ఆపిన శిక్ష ఆపినచోట మొదలు.

మా దగ్గర వైద్యం చూడ్డానికి ఏమీ ఉండదు. నర్సు ఒక మాత్రని పొడి చేసి నాలిక కింద వేస్తుంది. అది అక్కడే కరగాలి. మింగేస్తే దండగ. కరిగేదాకా మాటాడకూడదు, నీళ్లు తాగకూడదు, నవ్వకూడదు. కరిగాక నేను టార్చి వేసి చూస్తాను. ఎందుకు చూడాలంటే, కొందరు బుగ్గలో దాచి బైటికెళ్లి అమ్ముకుంటారు. ఎంగిలి మందు ఎవరు కొంటారని అడక్కండి. కాళ్లు పీకేవాడు ఎంగిలి చూడడు.

ఇందా అనే పేట నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. కోర్టు పంపినవాడే, కానీ ఇస్త్రీ పంచె, చేతిలో గొడుగు, మనిషి పెళ్లివారింటికి వచ్చినట్టు ఉండేవాడు. రోజూ నోరు తెరిచేవాడు. లోపల అద్దంలా శుభ్రం. అయినా మనిషికి ఆవలింతలు ఆగవు, ముక్కు ఆగదు. నాకు అనుమానం వచ్చింది.

"కాకూ, పళ్లు తియ్యండి" అన్నాను. బాబాయిని అక్కడ అలాగే పిలుస్తారు.

"నా భార్య ముందే ఎప్పుడూ తియ్యలేదు. నీ ముందు తీస్తానా?"

"ఆవిడ మిమ్మల్ని జైలుకి పంపదు కదా కాకూ."

తీశాడు. పై పళ్లసెట్టు లోపలివైపు నిన్నటి మందూ ఇవాళ్టి మందూ సున్నం పూసినట్టు అంటుకుని ఉంది. నేను ఆ సెట్టుని వెలుతురులో తిప్పి చూసి, "దీనికి పూర్తిగా నయమైపోయింది. ఇంక మీకు మొదలుపెడదాం" అన్నాను. గదంతా నవ్వింది. ఆయన కూడా బోసినోటితో నవ్వాడు. తరవాత మెల్లిగా అడిగితే చెప్పాడు: అమ్ముకోడానికి కాదు, రేపు మీరు ఇవ్వనంటే ఎలా అని దాచుకున్నాను అని. దాచేవాడల్లా దొంగ కాదు. రేపటి మీద నమ్మకం లేనివాడు కూడా దాస్తాడు. నోరు చూసేటప్పుడు అది కూడా చూడాలి.

పచ్చ బెంచీ

నా మొదటి బాసు చెడ్డవాడు కాదు. క్రమశిక్షణ మనిషి. కోర్టు పేషెంట్లని కానిస్టేబులు తేలిగ్గా గుర్తుపట్టాలని, వరండాలో వాళ్లకి విడిగా ఒక బెంచీ వేయించి పసుపుపచ్చ రంగు కొట్టించాడు. నెల తిరక్కుండా ఊరంతటికీ ఆ బెంచీ తెలిసిపోయింది. ఎక్స్‌రేకి వచ్చినవాళ్లు ఎముక సంగతి మర్చిపోయి బెంచీ మీద ఎవరున్నారో చూసి వెళ్లేవాళ్లు. ఆటోవాళ్లు కూడా, "ఆస్పత్రికా? ఏ బెంచీ?" అని అడగడం మొదలుపెట్టారు.

గణేశని ఒకడు, రైళ్లలో టీ అమ్ముకునేవాడు, ఆ బెంచీ మీద కూచునేవాడు. ఒకరోజు వాడి దగ్గర రోజూ టీ తాగే గార్డుబాబు వేలికి కట్టు కట్టించుకోడానికి వచ్చి చూశాడు. మర్నాటి నుంచి గణేశు రాలేదు. బాసు రానట్టు రాశాడు, రాయాల్సిందే. కోర్టు జైలుకి పంపింది. జైల్లో వాడికి పాతా దొరకలేదు. ఒంటికి ఆ అలవాటు తప్పిపోయింది. విడుదలై వచ్చిన రోజున పాత లెక్క ప్రకారమే పీల్చాడు. లెక్క పాతదే, ఒళ్లు పాతది కాదు. ప్లాట్‌ఫారం చివర గోడ పక్కన పడి ఉంటే పొద్దున్న ఎవరో చూశారు.

దీని మీద నా దగ్గర జోకు లేదు. చాలా ఏళ్లు వెతికాను.

కొత్తగా చేరినవాళ్లు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. జైలు మాన్పిస్తుందని అందరూ అనుకుంటారు. జైలు ఆపుతుంది, అంతే. ఆగినవాడు బైటికొచ్చిన మొదటి రోజే వాడి ప్రాణానికి అన్నిటికన్నా గండం. మా గదికి రావడం మానేసినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లమని ఏ ఆర్డరులోనూ ఉండదు. అయినా వెళ్లండి.

మేడం వచ్చాక

తరవాత మిత్రా మేడం వచ్చింది. సన్నగా, చిన్నగా, స్కూలు పిల్లలా ఉండేది. గొంతు మాత్రం ప్లాట్‌ఫారం మైకు. వచ్చిన రోజే ముడీ, అదే మరమరాల పొట్లం పట్టుకుని వెళ్లి పచ్చ బెంచీ మీద కూచుని తింది. మర్నాడు నర్సుని కూచోబెట్టింది. మూడోనాడు ఎక్స్‌రేవాళ్లని కూడా అక్కడే కూచోమంది. వారం తిరిగేసరికి అది ఉత్త బెంచీ అయిపోయింది. రంగు మార్చకుండా బెంచీ మార్చిన మనిషిని నేను ఆవిణ్ణే చూశాను.

ఆ తరవాత ఆవిడ కన్ను నా మీద పడింది.

జబ్బు నాదే. ఎదురుగా ఎనిమిదిమంది నోరు మూసుకుని కూచుంటే నాకు అది సభలా కనపడుతుంది. ఒకరోజు మా బావమరిది సంగతి ఎత్తుకున్నాను. వాడు టిక్కెట్టు లేకుండా రైలెక్కి, టీటీని చూసి బాత్రూములో దూరి, లోపల ముందే దాక్కున్న ఇంకో టీటీకి దొరికాడు. ఆ రెండో టీటీ ఎవరికి భయపడి దాక్కున్నాడో నేను చెప్పేలోగా బెంచీ మొత్తం పక్కున నవ్వి మందు మింగేసింది. గది మూసే వేళకి నలుగురు పీకుతున్న కాళ్లు పట్టుకుని తిరిగొచ్చారు.

మేడం నన్ను లోపలికి పిలిచింది. "ఇవాళ మందు ఎందుకు పని చెయ్యలేదో తెలుసా సింహాద్రిదా?" అంది. బెంగాలీవాళ్లు పేరు చివర 'దా' చేరిస్తే అన్నా అని పిలిచినట్టు.

"పాత స్టాకేమో మేడం."

ఆవిడ సొరుగు తీసి, టీలో వేసుకునే లవంగాల డబ్బీలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "రేపటి నుంచి వాళ్ల నోట్లో మందు ఉన్నంతసేపూ ఇది నీ నాలిక కింద ఉంటుంది. నమలకూడదు. మింగకూడదు. మాటాడకూడదు."

"మేడం, నేను పేషెంటుని కాదు కదా."

"అది డాక్టరు చెప్పాలి."

లవంగం నాలిక కింద పెట్టుకుని కూచుంటే ఏమవుతుందో పెట్టుకున్నవాడికే తెలుస్తుంది. ముందు చురుక్కుమంటుంది, తరవాత మంట, తరవాత మొద్దు. అది భరించొచ్చు. మాట గొంతుదాకా వచ్చి, దారి లేక వెనక్కి వెళ్తుంది చూడండి, అది భరించడం కష్టం. ఒక్కోసారి చెమట్లు పట్టేవి. పేషెంట్లకి మాత్రం పండగే. నన్ను చూడ్డానికే వేళకి వచ్చేవాళ్లు. వాళ్ల నోళ్లు నేను చూశాక, "ఇప్పుడు నువ్వు తెరు మావా, నాలిక ఎత్తు" అని టార్చి లాక్కుని నా నోరు చూసేవాళ్లు. మేడం ఏ పుస్తకంలో చదివి ఆ వైద్యం చేసిందో తెలీదు. హాజరు మాత్రం పెరిగింది.

అత్తగారి జామీను

పైడిరాజుది మా ఓల్డ్ సెటిల్‌మెంటే. కాంట్రాక్టరు కింద క్వార్టర్లకి రంగులు వేస్తాడు. మాతా పూజ, అంటే మా అమ్మవారి జాతర, వస్తే తాసా డప్పుల మేళంలో వాయిస్తాడు. వాడు తాసా కొడుతుంటే పక్కింటి కుక్క కూడా కాలు ఆడించేది. ఆ వాయింపులోనే పాతా అంటుకుంది. ఊరేగింపు రోజున ఉపాసంతో ఎండలో పొద్దుటి నుంచీ వాయించి చేతులు పడిపోతే, మేళంలో వాడొకడు, "ఒక్క దమ్ము లాగు, చేతులున్నాయో లేదో కూడా తెలీదు" అన్నాడట. నిజంగానే తెలీలేదు. ఆరు నెలలకి పైడిరాజుకి పెళ్లాం ఉందో లేదో కూడా తెలీలేదు. ఏడాది తిరక్కుండా స్టేషను వంతెన మీద పొట్లంతో దొరికాడు.

జామీనుకి ఎవరూ రాలేదు. అన్నదమ్ములు ఇళ్లకి తాళాలేసుకున్నారు. చివరికి నిలబడింది వాడి అత్తగారు నరసమ్మ. మా పేటలో అమ్మవారి ఘటం నెత్తికెత్తుకునేది ఆవిడే. ఆవిడ ఎదురైతే రైల్వే క్వార్టర్ల ఇన్‌స్పెక్టరు కూడా సైకిలు దిగేవాడు. కోర్టులో జరిగింది నాకు హాజ్రాదా చెప్పాడు. ఆయన కోర్టు కానిస్టేబులు, మా పేషెంట్ల రాకపోకలు చూసేవాడు.

మేజిస్ట్రేట్ అడిగాడట: "అత్తగారివి నువ్వెందుకు పూచీ ఉంటున్నావమ్మా?"

నరసమ్మ తన బెంగాలీలో చెప్పిందట: "హుజూర్, ఈడు జైలుకెళ్తే నా కూతురు పిల్లల్నేసుకుని నా ఇంటికొస్తాది. ఈడు బైటుంటే ఆల్లింట్లో ఉంటాది. నా ఇల్లు ఒక్కటే గది."

పెన్ను పట్టుకున్న గుమాస్తా కూడా తల దించుకుని నవ్వాడట. ఆవిడ నవ్వలేదట.

ఆ రోజు నుంచి పైడిరాజు ముందు, గొడుగుతో నరసమ్మ వెనక. చూసినవాళ్లు గొర్రెని సంతకి తోలుకెళ్తున్నారనుకునేవాళ్లు. రెండు నెలలకి వాడి మొహంలో కాస్త రంగు వచ్చింది. మళ్లీ బ్రష్షు పట్టాడు. కోర్టు గడువు మాతా పూజ అయిన వారానికి పడింది.

ఉపాసం

పూజకి ముందురోజు మందు కరిగి, నోరు చూపించాక, పైడిరాజు కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"మావా, రేపు రాను."

జొరమా అని నుదుటి మీద చెయ్యి పెట్టి సైగ చేశాను.

"ఘటం. తాసావోడు పచ్చిమంచినీలు ముట్టకూడదు. ఘటం పందిట్లోకి చేరిందాకా నోట్లోకి ఏటీ వెల్లకూడదు. మందైనా సరే."

మిగతావాళ్ల మందు ఇంకా కరగలేదు, నేను లవంగం మీద ఉన్నాను, మాటాడలేను. చేతులు ఊపి మేడంని పిలిచాను. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూలబడింది. ఘటం పందిట్లోకి చేరేసరికి సాయంత్రం అవుతుంది, మా గది మధ్యాహ్నానికే మూసేస్తారు. మందు ఇంటికి ఇచ్చి పంపే వీలు అప్పట్లో కోర్టువాళ్లకి లేదు. ఒక రోజు మానేస్తే కోర్టు ఉరి తియ్యదు. కానీ రానట్టు రాయాలి, అదీ గడువు ముందు. అదంతా పక్కన పెట్టండి. మందు లేకుండా, ఖాళీ కడుపుతో, అదే ఎండ, అదే దారి, అదే మేళం, పక్కన అదే నేస్తం. సాయంత్రానికి వాడి కాళ్లు పీకడం మొదలవుతుంది. అప్పుడు వాడికి "ఒక్క దమ్ము" అనేవాడు అడుగు దూరంలో ఉంటాడు. నాకూ, ఆ కథ నా నోటే విన్న మేడంకీ ఒకేసారి గణేశు గుర్తొచ్చాడు. ఇద్దరం ఆ పేరు ఎత్తలేదు.

"దేవుడికి నేను ఉత్తరం రాయలేను" అంది మేడం. "దేవుడి తరఫున మాటాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

లవంగం ఊసేసి, "ఉన్నారు మేడం. జామీను కూడా ఆవిడే" అన్నాను.

నరసమ్మ గుమ్మంలో కూచుని పసుపు దంచుతోంది.

"అప్పా, ఓ చిన్న సందేహం" అన్నాను. మా పేటలో అక్కని అప్పా అనే అంటాం.

"నీయి ఎప్పుడూ సిన్నవి కావు. సెప్పు."

"నాలిక కింద పెట్టుకున్నది తిన్నట్టా, తిననట్టా?"

రోకలి ఆగింది. "ఏటి పెట్టుకున్నది?"

"మీ అల్లుడి మందు."

"మింగుతాడా?"

"మింగితే దండగప్పా. కరగాల."

"కరిగి ఎక్కడికి పోద్ది?"

"అక్కడినుంచే నెత్తురులోకి."

"కడుపులోకి పోదూ?"

"పోకూడదు. పోతే మేడం నన్ను తిడతాది."

ఆవిడ రోట్లో పసుపు చేత్తో ఎగదోసింది. నేను కోర్టులో ముద్దాయిలా నిలబడ్డాను.

"మరి ఉమ్ము?" అంది.

"ఉమ్ము... కొంచెం లోపలికి పోద్దప్పా."

"ఉమ్ము ఆడిదే కదేటి. పొద్దున్నించీ ఆడి నోట్లోనే ఉన్నాది, బైటినించి ఎవులూ పెట్టలేదు." రోకలి మళ్లీ లేచింది. "ఉపాసం సెడదు."

నా ప్రాణం కుదుటపడింది. అంతలో ఆవిడే అంది: "గానీ ఘటం లేసినాక తాసావోడు మేలం ఇడిసి రాకూడదు. ఘటం మద్దిలో దించకూడదు."

"మరెలాగప్పా?"

"మీ ఆసుపత్రి మీదుగా వస్తాం."

"ఘటం దారి అటు కాదు కదప్పా. ఎప్పుడూ స్కూలు పక్కనించి..."

"ఘటం నా నెత్తి మీదుంటే దారి నా కాల్ల కిందుంటాది. పోయి మీ డాక్టరమ్మకి సెప్పు, నీలు సిద్ధం సెయ్యమను."

గేటు దగ్గర

మర్నాడు పదకొండింటికల్లా తాసాల మోత ఆస్పత్రి గోడలు తాకింది. ఓపీలో ఉన్నవాళ్లంతా చీటీలు పట్టుకుని బైటికొచ్చారు. హాజ్రాదా గేటు దగ్గర ఆటోలని ఆపుతున్నాడు. వేపమండలు, పసుపు బట్టలు, ముందు నరసమ్మ, ఆవిడ నెత్తిన ఘటం, వెనక మేళం, దాని వెనక తాడుకి కట్టి బంతిపూల దండ వేసిన మేక.

ఘటం ఆగిన చోట, ఘటం ఎత్తినవాళ్ల కాళ్ల మీద ఆ ఇంటివాళ్లు నీళ్లు పొయ్యాలి. ఈ ఇంటికి ఇల్లాలు మేడం. ఆవిడ వార్డులోంచి స్టీలు జగ్గు తెచ్చి, చెప్పులు విడిచి, వంగి నరసమ్మ కాళ్ల మీద నీళ్లు పోసింది. ఎవరు నేర్పారో, పసుపు కూడా కలిపింది. నరసమ్మ ఘటం కదలకుండా కళ్లతోనే ఆశీర్వదించి, "మేలం ఆపండి" అంది.

మాతా పూజలో మేళం మధ్యలో ఆగడం నేను పుట్టాక అదే చూడ్డం.

పైడిరాజు తాసా మెళ్లోనే ఉంచుకుని వచ్చి పచ్చ బెంచీ మీద కూచున్నాడు. వాడి వెనకే ఇంకో తాసావాడు సిగ్గుపడుతూ వచ్చి కూచున్నాడు. వాడి వెనక జెండా పట్టుకున్నవాడు. వాడు ముందురోజు తనకి జ్వరమని చెప్పించిన మా పేషెంటు. నరసమ్మ ముగ్గుర్నీ వరసగా చూసింది.

"ఈల్లందరూ మీవోల్లేటి?"

"మావోళ్లేనప్పా."

"మరి నిన్ననే సెప్పలేదేం? ఇంకా ఎవులైనా ఉంటే ఇప్పుడే రండి. నా నెత్తి మీద బరువున్నాది."

గుంపులోంచి ఇంకొకడు వచ్చాడు. పేటంతా చూస్తోంది. ఎవరూ నవ్వలేదు. ఘటం నిలబడి ఉండగా ఎవరు నవ్వుతారు?

నర్సు నలుగురికీ నాలిక కింద మందు వేసింది. నేను లవంగం పెట్టుకుని ఎదురుగా కూచున్నాను. పైడిరాజు ఇప్పుడు మింగితే మందూ పోతుంది, ఉపాసమూ పోతుంది. రెండూ పోయాక మళ్లీ తాసా కొట్టడు. కొట్టనివాడు ఎక్కడికి వెళ్తాడో నాకు తెలుసు. నరసమ్మకీ అది తెలుసు. ఆవిడ నా వైపు చూసి అంది: "సింవాద్రీ, నువ్వు గాని నోరు తెరిసినావంటే ఈ ఘటం తెచ్చి నీ నెత్తి మీద పెడతాను."

వేపాకు రాలితే వినపడేలా ఉంది. అప్పుడు మేక కదిలింది.

మా వరండా గోడకి ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. మూడు భాషల్లో రాసి ఉంటుంది, ఇక్కడ ఏమీ తినరాదు అని. మేక తాడు వదిలించుకుని, మెట్లెక్కి, ఆ అట్ట ముందు నిలబడి, చదువుకుంటున్నట్టు కాసేపు చూసి, కిందనుంచి తినడం మొదలెట్టింది. ముందు బెంగాలీ తింది. తరవాత హిందీ.

పైడిరాజు బుగ్గలు ఊగడం మొదలయ్యాయి. వాడు నా మొహం చూశాడు. నేను నవ్వితే వాడు ఆగడని నాకు తెలుసు. నా లోపల ఒకటి కాదు, ఏడెనిమిది మాటలు లైను కట్టి నిలబడ్డాయి. ఒక్కదానికైనా జీవితంలో మళ్లీ అంత మంచి వేళ రాదు. కళ్లు మూసుకున్నాను. లవంగాన్ని పళ్ల మధ్యకి లాగి గట్టిగా కొరికాను. మంట చెవుల్లోకి పోయింది. కళ్లనీళ్లు కారిపోయాయి. మేడం నా భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. నేను కళ్లు తెరిచేసరికి మేక ఇంగ్లీషు కూడా పూర్తి చేసింది.

నర్సు సైగ చేసింది. టార్చి తీశాను. నలుగురూ నోరు తెరిచి నాలిక ఎత్తారు. నాలుగూ శుభ్రం.

"ఇప్పుడు నువ్వు తెరు" అంది నరసమ్మ.

తెరిచాను. ఏమీ లేదు.

"లవంగం మింగీసినావేటి?"

"మింగేశానప్పా."

"ఉపాసం లేవు కాబట్టి బతికిపోనావు" అని, మేళం వైపు తిరిగి, "కొట్టండి" అంది.

అలాంటి కొట్టుడు మళ్లీ వినలేదు నేను.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి పందిరి దగ్గరికి వెళ్లాను. ఎవరూ పంపలేదు. పొద్దు వాలుతోంది. ఘటం చేరింది, పానకం పంచుతున్నారు. మేళంలో పాత నేస్తం పందిరి వెనక నుంచి పైడిరాజుకి చెయ్యి ఊపాడు. పైడిరాజు వాడి దగ్గరికి నడిచాడు. నేను సగం లేచాను. వాడు ఎదురుగా వెళ్లి నిలబడి, తల వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరిచి, నాలిక ఎత్తి చూపించాడు. నేస్తానికి ఏమీ అర్థం కాలేదు. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. పైడిరాజు వచ్చి నా పక్కన కూచుని రెండు గ్లాసుల పానకం తాగాడు.

మిగతాది

కోర్టులో మేజిస్ట్రేట్ రిపోర్టు చదివి నరసమ్మని అడిగాడట, అల్లుడు ఎలా ఉన్నాడమ్మా అని. "తిండి ఎక్కువైపోనాది హుజూర్" అందట. ఆ మాటతో కేసు తేలిపోయింది.

కేసు తేలినంత మాత్రాన జబ్బు తేలదు. పైడిరాజు ఆ తరవాత కూడా చాలాకాలం వచ్చాడు. మధ్యలో ఒకసారి జారాడు. తనే వచ్చి చెప్పాడు. మేడం తిట్టలేదు, మందు సరిచేసింది. ఆ మందు ఎన్నాళ్లు వాడాలని అందరూ అడుగుతారు. షుగరు మందు ఎన్నాళ్లని ఎవరూ అడగరు. జారినవాడు వచ్చి చెప్పుకోగలిగితే మన గది పని చేస్తున్నట్టు. చెప్పుకోడానికి భయపడితే మనం మళ్లీ పచ్చ బెంచీ వేసినట్టు. ఇంత రాశాక కూడా, మా గదికి వచ్చిన అందరూ బాగుపడ్డారని అనను. పళ్లసెట్టు కాకూ బాగుపడ్డాడు. జెండావాడు ఎక్కడున్నాడో నాకు తెలీదు. పూజ దాటాక రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను, తాళం ఉంది.

నా రిటైర్‌మెంటు రోజున గదిలోనే చిన్న సభ చేశారు. దండ వేశారు, రసగుల్లా పెట్టారు. నరసమ్మ ముందు వరసలో కూచుంది. లవంగం లేకుండా మాటాడొచ్చని మేడం అనుమతి ఇచ్చింది. నేను ఆ అవకాశాన్ని అంత తొందరగా వదల్లేదు. చివరికి అందరూ గడియారం చూస్తుంటే, పైడిరాజుని లేపి నిలబెట్టి అడిగాను.

"ఒరే, ఇంతమంది ముందు నిజం చెప్పు. నిన్ను బాగుచేసింది మేడం మందా, మీ అత్త ఘటమా, నా మాటలా?"

వాడు ముందు అత్త వైపు ఒకసారి చూశాడు.

"మందు మేడందే మావా. బయం అత్తది. నీ మాటలు నాకు ఒక్కటీ గుర్తు లేవు. గానీ ఆ రోజు మేక అట్ట తింటంటే నువ్వు నోరు మూసుకుని కూకున్నావు సూడు, అది సూసినాను. ఈ మనిసే మాటాడకుండా ఉండగలిగినాడంటే, నాను పాతా మానలేనేటి అనుకున్నాను."